ఓటేసింది నీకు కాదమ్మా

"అయ్య ఊర్లో లేడప్పా. హైదరాబాదు పోయినాడు."

లక్ష్మీదేవమ్మ వాకిట్లో నిలబడి ఈ మాట అనీ అనకముందే నడిమింట్లో ఆమె భర్త, ఎమ్మెల్యే బయ్యన్న దగ్గాడు.

మామూలు దగ్గు కాదు. బీడీలు మానేసినా మనిషిని వదలని పాత దగ్గు. ఎన్నికల సభల్లో మైకు ముందు నిలబడి, ఉపన్యాసం మొదలుపెట్టే ముందు దగ్గేది కూడా ఆ దగ్గే. నియోజకవర్గంలో అది వినని చెవి లేదు.

పొద్దున్నుంచీ వాకిట్లో కూర్చున్న నల్లబండపల్లి జనం ఆ దగ్గు విన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వి ఉంటే లక్ష్మీదేవమ్మ కోప్పడి లోపలికి పోయేది. నవ్వకపోయేసరికి తల కొట్టేసినట్లయి, చేతిలోని చెంబును ఊరికే ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది.

గేటు దగ్గరున్న కుళ్లాయప్ప గబగబా వచ్చాడు. "టీవీలోనప్పా అది. టీవీలో ఎవరో దగ్గినారు" అన్నాడు. ఎమ్మెల్యే వెంట ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. అబద్ధానికి తడుముకోడు. ఆ పూట ఊరంతటికీ కరెంటు లేదన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

ముందు వరసలో కూర్చున్న హనుమంతమ్మ కొంగు దులుపుకుని లేచింది. గొర్రెల వెంట తిరిగి తిరిగి ఎండకు కమిలిపోయిన మనిషి.

"హైదరాబాదు ఇంత దగ్గరుండాదని మాకు తెలీకపాయె తల్లీ. తెలిసుంటే రోజూ వస్తాంటిమి."

"హనుమంతమ్మా, నేను..."

"నిన్నేమీ అనలేదులేమ్మా. చెప్పమన్నారు, చెప్పినావు."

లక్ష్మీదేవమ్మ వాళ్ల దగ్గరికి వచ్చింది. "ఏం కావల్లో నాకు చెప్పండి. పింఛన్లా? గొడ్లకు గడ్డా? ఆయనతో నేను మాట్లాడతా."

కర్ర మీద బరువానించి ఒక పెద్దాయన లేచాడు. తిప్పేస్వామి. మోకాళ్లు రెండూ బయటికి వంగిపోయాయి. ఫ్లోరైడు ఉన్న నల్లబండపల్లి బోరునీళ్లు ముప్పై దాటిన ఏ మనిషినీ నిటారుగా నిలబడనివ్వవని చుట్టుపక్కల ఊళ్లలో సామెతగా చెప్పుకుంటారు.

"దుడ్లొద్దు, గడ్డొద్దు తల్లీ" అన్నాడు. "ఆయన ఒక్క పూట మా ఊరికొచ్చి మా నడుమ కూర్చోవల్ల. మేమడిగేదానికి జవాబు చెప్పల్ల. ఓట్లేసి నాలుగేండ్లు కావస్తాంది. ట్యాంకీ ఓపినింగుకు వచ్చిన మనిషి మళ్లీ మా ఊరి దిక్కు తొంగిచూల్లేదు."

ట్యాంకీ మాట వినగానే లక్ష్మీదేవమ్మ ముఖం కాస్త తేటపడింది. ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. మంత్రి వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు. కొళాయి మాత్రం ఇల్లాలి చేత్తో తిప్పితే మంచిదని ఎవరో అంటే బయ్యన్న ఆమెను ముందుకు పిలిచాడు. నీళ్లు దూకాయి. ఆడవాళ్లు కడవలతో తోసుకుంటూ వచ్చారు. ఒక ముసలమ్మ దోసిలి పట్టి తాగి, ఆ తడి చేతులతోనే ఆమె బుగ్గలు పుణికింది.

"ఆ కొళాయి నేనే గదా తిప్పింది. నీళ్లు బాగా వస్తాండాయా?"

తిప్పేస్వామి చూపు కర్ర మొన మీదికి దించుకున్నాడు.

"మోటారేమన్నా చెడిపోయిందా?"

"మోటారుంటే గదమ్మా చెడిపోయేదానికి" అంది హనుమంతమ్మ.

లక్ష్మీదేవమ్మకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేటప్పటికి వాళ్లు తువ్వాళ్లు దులుపుకుని లేస్తున్నారు.

"పొద్దు మునిగేదాకా ట్యాంకీ కింద కూర్చోనుంటాం" అన్నాడు తిప్పేస్వామి. "వచ్చేదైతే రమ్మను. రానంటే ఆ మాటన్నా చెప్పి పంపమను. ఈడికి మాత్రం మేము ఇంగ రాము."

గేటు దాటేటప్పుడు హనుమంతమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఏమైనా తిడుతుందేమోనని లక్ష్మీదేవమ్మ ఎదురుచూసింది. తిట్టలేదు.

* * *

నడిమింట్లో బయ్యన్న మంచం మీద బనియనుతో కూర్చుని, నీళ్లు తాగి దగ్గు అణుచుకుంటున్నాడు. కొడుకు వంశీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాంట్రాక్టు పనులన్నీ వాడే చూస్తాడు. కోడలు ప్రశాంతి వంటింటి గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"పోయినారా?" అన్నాడు బయ్యన్న.

"పోయినారు."

"ఏమంటారు?"

లక్ష్మీదేవమ్మ చెంబు కింద పెట్టింది. "నల్లబండపల్లి ట్యాంకీకి మోటారు లేదంట. నిజమేనా?"

బయ్యన్న కొడుకు వైపు చూశాడు. కొడుకు తలుపు వైపు చూశాడు.

"బోర్లు ఎండిపోయినాయి లక్ష్మీ. జిల్లా అంతా ఎండిపోయింది. నేనేమన్నా వానదేవుణ్ణా?"

"ఎండిపోయిందాని గురించి అడగలేదు. ఆ ట్యాంకీకని బోరు వేసినారా?"

"వేసినామమ్మా" అన్నాడు వంశీ విసుగ్గా. "పడలేదు. ఇంకోతావ వేసినాం. ఆడా పడలేదు. ట్యాంకీ అప్పటికే కట్టేసుంటిమి. మంత్రి తేదీ ఇచ్చేసినాడు. అన్ని మండలాలకూ చెప్పేసినాం. అప్పుడేం చేయమంటావు?"

"మరి ఆ పొద్దు నీళ్లెట్లా వచ్చినాయి? నా చేతి మీదనే గదా పడినాయి?"

ప్రశాంతి చేతిలో కాయ చిట్లిన చప్పుడు గట్టిగా వినిపించింది.

"అడుగుతాంటే మాట్లాడరేం?"

"ట్యాంకరు నీళ్లత్తా" అంది ప్రశాంతి, తల ఎత్తకుండా. "ముందురోజు ట్యాంకర్లతో తోలి, పైపేసి పైకి ఎక్కించినారు. ఆయనే చెప్పినాడు నాకు. నవ్వుకుంటా చెప్పినాడు."

"నిన్నెవరు అడిగినారే?" వంశీ ఒక్క అడుగు ముందుకు వేశాడు.

"నన్నడగలేదు. అడిగినామెకు మీరు చెప్పలేదు" అని ప్రశాంతి చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

లక్ష్మీదేవమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఎన్నికలప్పుడు ఆ ఊళ్లో ఆమె ఎక్కని గడప లేదు. మగవాళ్లు జీపుల్లో జెండాలు పట్టుకుని అరుస్తుంటే, ఆమె పొయ్యిల దగ్గర కూర్చుని ఆడవాళ్లతో మాట్లాడింది. సంగటి పెడితే తింది. 'నీళ్లు తెప్పిస్తాడు. నాదీ పూచీ. మా ఇంటాయన మాట తప్పితే నన్నడగండి' అంది. ఎవరూ చెప్పమనకుండానే అంది. విడపనకల్లు దగ్గర ఆమె పుట్టింటి ఊళ్లోనూ ఉప్పునీళ్లే. కడవ మోయడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నన్ను పిలిచి తిప్పమంటిరి గదా" అంది భర్తతో. "అన్నీ తెలిసి, నాచేత తిప్పిస్తిరి."

"నీకు చెప్తే వచ్చుంటావా?"

"రాకుంటి."

"అందుకే చెప్పలేదు."

అతను అంత నిజం అంత తేలిగ్గా చెప్పేశాడు. ఆమె లేచి అతని ఎదుట నిలబడింది.

"చొక్కా తొడుక్కోండి. పోదాం. జరిగినేది చెప్పుదురు గానీ. తిడితే తిడతారు. కొట్టరు గదా."

బయ్యన్న తల అడ్డంగా ఊపాడు. "నీకు తెలీదు. ఈ పొద్దు నల్లబండపల్లిలో కూర్చుంటే రేపు ప్రతి ఊరూ పిలుస్తాది. ఆ రోడ్డేమాయె, ఈ బడేమాయె అంటారు. ఒక్కతూరి కూర్చున్న ఎమ్మెల్యేను ఇంగ లేవనీరు. ఏ పార్టీవాడన్నా ఎవడన్నా కూర్చున్నాడా, చెప్పు?"

"కూర్చోవల్లనే గదా ఓటేసింది."

"ఓటు గెలిపించేదానికి వేస్తారు. కూర్చోబెట్టేదానికి కాదు." మళ్లీ దగ్గు వచ్చింది. అది తగ్గాక గొంతు దించి అన్నాడు: "ఆ ఊరి మీదుగా పోవల్లంటే నేను చుట్టు తిరిగి పోతాండా. తెలుసా నీకు? ఆ ట్యాంకీ రోడ్డు మీదికి కనపడతాది."

లక్ష్మీదేవమ్మకు జాలి వేసింది. జాలితో పాటే కోపమూ వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ రెండూ ఒకేసారి రావడం ఆమెకు ఇదే మొదలు.

"అయితే నేను పోతా. వంశీ, జీపు తీయి."

వంశీ తాళాలు జేబులో వేసుకున్నాడు. "జీపు లేదమ్మా."

ఆమె ఇంకేమీ అనలేదు. దండెం మీది తువ్వాలు తీసి తల మీద కప్పుకుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

"లక్ష్మీ!" అన్నాడు బయ్యన్న. గడప దాకా వచ్చాడు. గడప మాత్రం దాటలేదు. వాకిలి దాటితే వీధి. వీధిలో అతను హైదరాబాదులో ఉన్నాడు.

* * *

ఎమ్మెల్యే భార్య ఆర్టీసీ బస్సెక్కడం టౌనులో అంతకుముందు ఎవరూ చూడలేదు. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించబోతే వద్దంది. కిటికీ బయట చేలన్నీ బోడిగా ఉన్నాయి. ఎక్కడో ఒక చోట చీనీ బత్తాయి తోట నిలువునా ఎండి, కట్టెలకు కొట్టడానికి సిద్ధంగా ఉంది. పక్కన కూర్చున్న ముసలామె కంబదూరు దిక్కు వాన పడిందట కదా అని అడిగింది. తెలీదంది లక్ష్మీదేవమ్మ. బెంగుళూరుకు కూలికి పోయేవాళ్లు మూటలతో మధ్యలో నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు ఆమెను గుర్తుపట్టి పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తువ్వాలు ముఖం మీదికి లాక్కోబోయి, మళ్లీ ఎందుకనో మానేసింది.

నల్లబండపల్లి మలుపులో దిగితే ట్యాంకీయే ముందు కనిపించింది. నాలుగు కాళ్ల మీద ఎత్తుగా నిలబడి ఉంది. దాని మీద పసుపు రంగుతో రాసిన బయ్యన్న పేరు ఇంకా చెదరలేదు. చెట్టన్నది లేని ఆ మిట్ట మీద దానికున్న నీడ ఒక్కటే నీడ. ఊరంతా ఆ నీడలో కూర్చుని ఉంది.

ఆమెను చూసి కొందరు లేవబోయారు. హనుమంతమ్మ లేవలేదు. కొంచెం పక్కకు జరిగింది. లక్ష్మీదేవమ్మ ఆ జరిగిన చోట నేల మీద కూర్చుంది.

"ఆయన రాలేదా?" అన్నాడు తిప్పేస్వామి.

"రాలేదన్నా. ఇంట్లోనే ఉండాడు. పొద్దున నేను చెప్పింది అబద్ధం."

కొందరు వినడానికి ముందుకు జరిగారు.

"ఇంకోటి చెప్పల్ల. ఓపెనింగు పొద్దు నేను తిప్పితే వచ్చిన నీళ్లు ట్యాంకరు నీళ్లంట. బోరు పడనేలేదంట. నాకు ఈ పొద్దే తెలిసింది. తెలీక తిప్పినా. తిప్పింది మాత్రం నేనే."

అందరూ మొహాలు చూసుకుంటారని, ఎవరైనా అరుస్తారని అనుకుంది. ఎవరూ కదల్లేదు. హనుమంతమ్మ కొత్తకోడలు తిరుపాలమ్మ లోటాతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. లక్ష్మీదేవమ్మ ఒక గుక్క తాగింది. నాలుక మీద సున్నం రాసినట్లుంది. ఉమ్మకుండా మింగింది. లోటా ఖాళీ చేసింది.

"మాకు తెలుసమ్మా" అంది హనుమంతమ్మ. "రెండో పొద్దే తెలిసింది. ట్యాంకరు చక్రాల గాడి చూస్తే తెలీదా?"

"తెలిసీ ఇన్నాళ్లు అడగలేదేం?"

"అడగలేదని ఎవరు చెప్పినారు నీకు? ఆఫీసులోళ్లను అడిగితే మీ వాళ్లను అడగమనిరి. మీ వాళ్లను అడిగితే ఆఫీసులో అడగమనిరి. కుళ్లాయప్ప ఎప్పుడు చూసినా హైదరాబాదంటాడు. ఇంగ ఎవర్ని అడగల్ల?"

"నన్నడగమని చెప్పింటి గదా."

"చెప్పినావు. నా పొయ్యి కాడనే కూర్చోని చెప్పినావు. అడిగితే నువ్వేం చేస్తావని అడగలేదు."

ట్యాంకీ నీడ జరిగింది. కూర్చున్న వాళ్లంతా, మాట ఆపకుండానే, దాంతో పాటు కొంచెం కొంచెం జరిగారు. లక్ష్మీదేవమ్మా జరిగింది. వాళ్లు అడుగుతూ పోయారు. బోరు వేసేచోటు ఎవరు చూపించారు? వంకలో, ఆ వాగు ఇసుకలో, నీళ్లున్న తావు ఊరివాళ్లు చూపిస్తే ఎందుకు వేయలేదు? మంత్రి అడిగితే ఏం చెప్పారు? తెలిసింది చెప్పింది. తెలియనిదానికి 'నాకు తెలీదు' అంది. ఎక్కువసార్లు ఆ మాటే అనాల్సి వచ్చింది. అన్న ప్రతిసారీ అడిగినవాడు తల ఊపి ఊరుకునేవాడు. ఆ తల ఊపు తిట్టుకంటే గట్టిగా తగిలేది.

చివరికి ఆగలేక, రెండు చేతుల బంగారు గాజులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇవి నా పుట్టింటోళ్లు పెట్టినవి. ఎవరినీ అడగనక్కర్లేదు. వీటితో వంకలో బోరు వేయిద్దాం. నేను దగ్గరుండి వేయిస్తా."

కొంతమంది ముఖాల్లో ఆశ పుట్టింది. తిరుపాలమ్మ అత్త వైపు చూసింది. తిప్పేస్వామి ఏదో అనబోయాడు. అంతలో హనుమంతమ్మ ఆ గాజులు తీసి, ఒకటొకటిగా లక్ష్మీదేవమ్మ చేతికే తొడిగింది. మొరటు చేతులు. ఒక గాజు మణికట్టు దగ్గర ఒరుసుకుంది.

"నీ గాజులు మాకేంటికమ్మా?"

"నీళ్లు కావల్ల గదా మీకు?"

"కావల్ల. నీ గాజులతో వచ్చిన నీళ్లు తాగి మేము నీకు దండం పెట్టల్ల. ఆయన ఇంట్లో నిమ్మళంగా కూర్చోనుంటాడు. మళ్లా ఎన్నికలొస్తాయి. నువ్వు బోరు వేయించిన కథ చెప్పి ఆయనే ఓట్లడుగుతాడు." హనుమంతమ్మ చివరి గాజు సర్ది చేయి వదిలింది. "నువ్వు మంచిదానివే. లేదనను. గానీ ఓటేసింది నీకు కాదమ్మా."

లక్ష్మీదేవమ్మకు చెంప మీద కొట్టినట్లయింది. మంచిదానివి అని ఆమెను చాలామంది అన్నారు. అది ఇట్లా నొప్పి పెట్టగలదని ఆమెకు తెలియదు. బయ్యన్న చేయాల్సినవి, చేయనివి, ఇన్నేళ్లుగా ఆమె తన మంచితనంతో కప్పుతూ వచ్చింది. వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది, మజ్జిగ ఇచ్చింది, పిల్లల పెళ్లిళ్లకు చీరలు పెట్టింది. వాళ్లు కడుపు నిండి, అడగాల్సిన మాట మరిచిపోయి వెళ్లేవాళ్లు.

కాసేపు నేల మీద గీతలు గీసింది. తర్వాత చెరిపేసింది.

"సరే. ఆయన వచ్చేదాకా నేను ఈడనే కూర్చుంటా."

"అట్లా కాదు తల్లీ!" తిప్పేస్వామి కంగారుపడ్డాడు. "ఎమ్మెల్యే పెండ్లాన్ని ఊర్లో పెట్టుకున్నారని మా మీదికొస్తారు. నువ్వు ఇంటికి పో."

"ఎవరు పెట్టుకున్నారన్నా? నేనే కూర్చున్నా."

"మా మాట ఎవరు నమ్ముతారు?"

ఆమె కదల్లేదు. ఎండ నడినెత్తి దాటింది. తిరుపాలమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి పెడితే తింది. కొందరు ఆడవాళ్లు ఆమె పక్కనే సద్ది మూటలు విప్పుకున్నారు. కొందరు మాత్రం దూరంగా కూర్చుని, ఈ పెద్దింటి మనిషి మళ్లీ ఏ నాటకానికి వచ్చిందోనని అనుమానంగా చూస్తూనే ఉన్నారు.

* * *

జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి నీడ అంచులో ఆగింది. వంశీ దిగాడు. జనం వైపు చూడలేదు.

"లేయమ్మా. పోదాం."

"మీ నాయన వచ్చినాడా?"

"నాయన రాడు. నీకు చెప్పినాం గదా. ఫోన్ల మీద ఫోన్లు వస్తాండాయి. పేపరోళ్లు అడుగుతాండారు. ఎమ్మెల్యే పెండ్లామే ఎమ్మెల్యే మీద ధర్నాకు కూర్చునిందంట అని."

"ధర్నా కాదని చెప్పు. ఆయన కోసం కాచుకోని ఉండాదని చెప్పు."

"టిక్కెట్లు ఇచ్చే కాలం అమ్మా ఇది! ఈసారి నాయనకు టిక్కెట్టు రాకుంటే ఏమవుతుందో తెలుసా? నువ్వు వీళ్ల పక్కనా, మా పక్కనా?"

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు అబద్ధం చెప్పి దొరికిపోతే వాడి పైపెదవి మీద చెమట పట్టేది. ఇప్పుడూ పట్టింది.

"నేను ఎవరి పక్కా కాదు నాయనా. నేనిచ్చిన మాట ఈడుండాది. దాని పక్కన కూర్చున్నా."

"మాటలు బాగుంటాయి వినేదానికి!" వంశీ గొంతు పెరిగింది. వెంటనే తగ్గింది. "అమ్మా... ఆ ట్యాంకర్లు తోలిచ్చింది నేను. ఇదంతా బయట పడితే నాయన మీద కాదు, నా మీదికొస్తాది. నీకు అర్థమైతాందా?"

అర్థమైంది. ఆమె చేయి దానంతటదే వాడి భుజం వైపు లేచింది. చుట్టూ ఊరంతా చూస్తోంది. ఆ చేయి గాల్లో ఉండగానే వంశీ వెనక్కి తిరిగాడు. జీపు గేరు గీరుకున్న చప్పుడు, దుమ్ము. ఆ దుమ్ము సర్దుకునే దాకా లక్ష్మీదేవమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. దుమ్ము వల్లనే అనుకున్నారు అందరూ.

హనుమంతమ్మ మాత్రం, "పో తల్లీ, కొడుకు గదా" అంది మెల్లగా. "మేమేమీ అనుకోము."

లక్ష్మీదేవమ్మ నీడతో పాటు ఇంకొంచెం జరిగింది. లేవలేదు.

ఎండ వాలుతుండగా ఇంకో జీపు వచ్చింది. నీలం జీపు. ఎస్సై ఓబుళేసు దిగాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. తిప్పేస్వామి కర్ర జారి కింద పడింది.

"అమ్మగారూ, మీకేమీ కాలేదు గదా?" అన్నాడు ఓబుళేసు.

"నాకేమైతాది?"

అతను టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "మిమ్మల్ని బలవంతంగా బస్సెక్కించి తీసుకొచ్చి, ఈ ఊరోళ్లు కదలనీకుండా పెట్టుకున్నారని ఫిర్యాదొచ్చింది. హనుమంతమ్మ, తిప్పేస్వామి... ఇంకా ఉండారు. వీళ్లను తీసుకుపోవల్ల."

తిరుపాలమ్మ ఏడుపు లంకించుకుంది. హనుమంతమ్మ ఏడవలేదు. లక్ష్మీదేవమ్మ వైపు చూసింది. నువ్వొచ్చినందుకు ఇదీ మాకు దక్కింది అన్నట్లుంది ఆ చూపు.

"ఎవరిచ్చినారు ఫిర్యాదు?" అంది లక్ష్మీదేవమ్మ. "వంశీనా?"

ఓబుళేసు తడబడ్డాడు. "సారే ఇచ్చినారమ్మా."

"ఎవరు?"

"ఎమ్మెల్యే సారే. సొంతంగా వచ్చి ఇచ్చినారు. మండలం స్టేషన్లోనే కూర్చోనుండారు. మిమ్మల్ని తీసుకొచ్చేదాకా కదలనన్నారు."

లక్ష్మీదేవమ్మ లేచి నిలబడింది. తాళి కట్టినవాడు, తన పేరు అడ్డం పెట్టి, ఈ వంగిపోయిన మోకాళ్ల మనుషుల మీద కేసు పెట్టాడు. కోపంలో ఒక్క క్షణం కళ్లు కనిపించలేదు. ఆ తర్వాత, ఎస్సై అన్న చివరి మాట మెల్లగా మనసులోకి దిగింది.

"కదలనన్నాడా?" అంది.

"అవునమ్మా."

ఆమె కింద పడిన కర్ర తీసి తిప్పేస్వామి చేతిలో పెట్టింది.

"అన్నా, మండలం ఎంత దూరం ఈడికి?"

"ఎంతమ్మా, ఆ మిట్ట దిగితే కనపడతాది."

"ఆయన బయటికొచ్చినాడంట. ఒకతావ కూర్చున్నాడంట. కదలడంట. మీరు అడగల్లనుకున్నేది ఆడ అడగండి. లేయండి, పోదాం."

జనం గుంపుగా ఒకరి మీద ఒకరు ఆనుకుని నిలబడ్డారు. పోలీసు స్టేషనుకు తమంతట తాము పోవడమా? ఎవరూ మొదటి అడుగు వేయలేదు. అప్పుడు హనుమంతమ్మ చీరచెంగు బిగించి దోపుకుంది.

"తీసుకుపోతానంటివి గదప్పా సారూ. నీకేంటికి శ్రమ? మేమే వస్తాండాం" అని ఎస్సైని దాటుకుని రోడ్డెక్కింది.

ఆమె వెనక తిరుపాలమ్మ. ఆ వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకుండా ఊరే కదిలింది. తిప్పేస్వామి అడ్డంగా అడుగులేస్తూ మధ్యలో నడిచాడు. జీపెక్కమంటే ఎక్కలేదు. దూరంగా కూర్చుని అనుమానంగా చూసినవాళ్లు కూడా చేతులు దులుపుకుని వెంట పడ్డారు.

ఓబుళేసుకు ఏం చేయాలో తోచలేదు. జీపును జనం పక్కనే నడకవేగంతో పోనిస్తూ వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. అవతల స్టేషన్లో కానిస్టేబులు పలికాడు. ఓబుళేసు విషయం చెప్పాడు. కాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత అవతల గొంతు మారింది. ముందు దగ్గు వినిపించింది.

"ఎంతమంది వస్తాండారు?"

"ఊరంతా సార్."

"ఆమె?"

"అమ్మగారూ నడిచే వస్తాండారు సార్."

మళ్లీ గరగర. జీపు పక్కనే నడుస్తున్న లక్ష్మీదేవమ్మకు ప్రతి మాటా వినిపిస్తోంది. అతను కోప్పడతాడనుకుంది. లాఠీచార్జి చేయమంటాడేమోనని భయపడింది. వెనక దారి నుంచి కారు తెప్పించమంటాడేమో అని కూడా అనుకుంది.

"ఏమప్పా ఓబుళేసూ" అంది ఆ గొంతు చివరికి, అలసిపోయి. "ఇప్పుడు నేనేం చేయల్ల?"

ఎవరి ముందూ అతను ఆ మాట అడగ్గా ఆమె వినలేదు. పెళ్లయిన నాటినుంచీ తనతో కూడా అనలేదు.

ఓబుళేసు జీపు ఆపాడు. సెట్టు తీగ ఎంత సాగితే అంత సాగదీసి ఆమెకు అందించాడు. "మీరే చెప్పండమ్మా. ఈ మీట నొక్కి మాట్లాడల్ల."

లక్ష్మీదేవమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. చుట్టూ నడుస్తున్న జనం ఆగారు. ఇంటికి పో అంటే పోతాడు. ఉండు అంటే ఉంటాడేమో. ఆ రెండింటిలో ఏది నోట వస్తుందో ఆమెకే తెలియదు. బొటనవేలు మీట మీద ఉంది.

హనుమంతమ్మ ఒక్కతే ఆగలేదు. వెనక్కి తిరిగి చూడకుండా మిట్ట దిగుతోంది.